వంగిన మనిషి నిలువెంత?

మనిషి పొడుగు కొలవడం కంటే తేలికైన పని లోకంలో లేదని ఇరవై ఏళ్ల వయసులో నేను గట్టిగా నమ్మాను. గోడకు ఆనించి నిలబెట్టాలి, తల మీద పలక పెట్టాలి, గీత చూసి చెప్పాలి. అంతే కదా అనుకున్నాను. అలా అనుకున్నందుకు ఒక ముసలామె ఆకలితో చావు దాకా వెళ్లింది. ఒక ముసలాయన నిజంగానే పోయాడు. దవాఖానల్లో కొత్తగా పనికి చేరిన పిల్లలు అప్పుడప్పుడు నా దగ్గర కూర్చుని పాత సంగతులు అడుగుతుంటారు. మంచి సంగతులు చెబితే మీకేం లాభం? తప్పు చేసిన సంగతి చెబుతాను, అది పనికొస్తుంది. నాకు అక్షరాలు నలభై దాటాక వచ్చాయి. వాక్యం ఎక్కడైనా వంకరపోతే సర్దుకుని చదవండి.

పోలీసు చర్య జరిగిన మరుసటి ఏడు అది. గొడవల్లో పొలాలు బీడు పడ్డాయి, ఆపైన వాన ముఖం చాటేసింది. శేరిలింగంపల్లి స్టేషను వెనక ఒక రేకుల షెడ్డులో సర్కారు చిన్న దవాఖాన తెరిచింది. మందుల కోసం వచ్చేవాళ్ల కంటే పాలపొడి కోసం, జొన్నపిండి కోసం వచ్చేవాళ్లే ఎక్కువ. పాలపొడి ఎక్కడినుంచో ఓడల మీద వచ్చేదట. అది అందరికీ చాలదు. ఎవరు బాగా ఎండిపోయారో వాళ్లకే చీటీ. చీటీ ఉంటేనే పొడి.

నేను అక్కడ ఆయాను. పెళ్లయిన రెండేళ్లకే మా ఆయన కలరాతో పోతే పుట్టింటికొచ్చి అయ్య వెంట మట్టి మోసేదాన్ని. మా అయ్య బావులు తవ్వేవాడు. ఆడవాళ్లను పట్టుకుని కొలవడానికి ఆడమనిషి కావాలి, లేవలేనివాళ్లను లేపడానికి బలం కావాలి అన్నారట. రెండూ నా దగ్గర ఉన్నాయి. చదువు ఉందా అని ఎవరూ అడగలేదు.

మాకు పైన ఇద్దరు. కాంపౌండరు పట్నం మనిషి. ఉర్దూ, తెలుగు రెండూ రాసేవాడు. నల్లటోపీ తీసేవాడు కాదు, కుర్చీ దిగేవాడు కాదు. డాక్టరమ్మ కోస్తా వైపు నుంచి కొత్తగా వచ్చింది. ప్రతి శుక్రవారం పొద్దున రైలు దిగి, సాయంత్రం రైలుకు వెళ్లిపోయేది. అందరినీ అండీ అనేది. మొదటి రోజు నన్ను "కూర్చోండి" అంటే నా వెనక ఎవరున్నారా అని తిరిగి చూశాను.

ఆమె రాకముందు కంటితో చూసి చీటీలు ఇచ్చేవాళ్లు. పట్వారీ గారి మేనత్త, గుమ్మంలో పక్కకు తిరిగితే తప్ప పట్టని మనిషి, చీటీ తీసుకుని పాలపొడితో కోవా చేయించుకుందని ఊరంతా చెప్పుకున్నారు. డాక్టరమ్మ వచ్చీ రాగానే దాన్ని ఆపించింది. గోడ మీద ఒక పట్టీ అంటించింది. ఇంత పొడుగు మనిషి కనీసం ఇంత తూగాలి, అంతకంటే తక్కువ తూగితే చీటీ ఇవ్వాలి. ఇదీ పట్టీ.

"కళ్లకు చుట్టాలుంటారండీ. కర్రకు ఉండరు," అంది.

ఆ మాట నాకు బాగా నచ్చింది. ఇప్పటికీ తప్పనను.

కర్ర అంటే వెదురు గడ. అడుగుకొక ఎర్రగీత, అంగుళానికొక నల్లగీత. నాకు అంకెలు రావు కాబట్టి గీతలు లెక్కపెట్టి అరిచేదాన్ని. "నాలుగు ఎర్రయి, పది నల్లయి!" కాంపౌండరు రాసుకునేవాడు. తూకం మిషను ముల్లు మాత్రం ఆయనే చూసేవాడు. రోజూ వందమందిని గోడకు ఆనించాను. నా పని మీద నాకు గర్వం ఉండేది. గీత తప్పేదాన్ని కాదు.

ఆ ముసలవ్వ వచ్చిన రోజు బాగా గుర్తుంది. కొండాపురం వైపు రెండు మైళ్ల అవతల ఒక గూడెం, అక్కడినుంచి సీతాఫలం చెట్ల మధ్య గుట్టదారిన నడిచి వచ్చింది. నడుము దగ్గర ఎవరో వంచి వదిలేసినట్టు ఉంది మనిషి. ముఖం నేలకే. ఒక చేత్తో ఊతకర్ర, ఇంకో చెయ్యి మోకాలి మీద. నలభై ఏళ్లు ఒకరి పొలంలో నాట్లూ కోతలూ చేసింది. నడుము వంగాక పని లేదు. ఆ పొలం వాళ్లే పశువుల కొట్టంలో ఒక మూల ఇచ్చారు. ఆమెకు ఇంకెవరూ లేరు.

"అవ్వా, గోడకు ఆని నిలవడు," అన్నాను.

"ఎనుకకు ఆనితె ముందలికి పడ్త బిడ్డా."

"జర నిటారుగ."

"నిటారుగ నిలవడేదుంటె గీడికెందుకొస్త? కూలికి పోదు."

పలక పెట్టాను. నాలుగు ఎర్రవి, మూడు నల్లవి. అరిచాను.

"నేను పొడుగుదాన్నే పిల్లా," అంది అవ్వ నేలను చూస్తూనే. "చింతకాయ తెంపనీకి నాకు కట్టె అక్కర లేకుండె."

"పొడుగో పొట్టో నువ్వు చెప్తె అయితదా? కట్టె చెప్తది," అన్నాను.

వరసలో వాళ్లు నవ్వారు. వాళ్లు నవ్వడం నాకు బాగుంది. ఆ సంగతి దాచను.

మిషను మీద నిలబెడితే డెబ్బై రెండు పౌండ్లు. కాంపౌండరు పట్టీ మీద వేలు జరిపాడు. నాలుగడుగుల మూడంగుళాల మనిషి అరవై ఆరుకు తగ్గితేనే చీటీ.

"పొట్టి పాణం. డెబ్బై రెండు సరిపాయె. చీటీ లేదు."

"సరిపాయెనా? ఎవలకు సరిపాయె?" అంది అవ్వ.

"పట్టీకి సరిపాయె అవ్వా. జర పక్కకు జరుగు, ఎనుక జనమున్నరు."

ఆమె చేతికి ఒక ఇత్తడి కడియం ఉంది. ఊతకర్ర అందుకోవడానికి చెయ్యి ఎత్తితే ఆ కడియం మణికట్టు దగ్గర నుంచి జారి మోచేతి దాకా వెళ్లి ఆగింది. నేను చూశాను. కాంపౌండరూ చూశాడు. చూసింది రాసే గడి కాగితంలో లేదు.

రెండు వారాలకు మళ్లీ వచ్చింది. దారిలో పడి కుడి భుజం వాచిపోయింది. ఈసారి డెబ్బై. ఇంకా నాలుగు పౌండ్ల పైన తగ్గితే తప్ప చీటీ రాదు. అప్పుడు నేనొక తెలివితక్కువ పని చేశాను. పలక తల మీద పెట్టి, "ఐదు ఎర్రయి!" అని అరిచాను.

కాంపౌండరు కలం ఆపాడు. కుర్చీ దిగడం ఆ రోజే మొదటిసారి చూశాను. వచ్చి గడ దగ్గర వంగి చూశాడు.

"ఏందే పిల్లా, నీ దిమాగ్ ఖరాబైందా? నాలుగు మూడు."

"ఆమె చస్తది సాబ్. కండ్లకు కనిపిస్తలేదా?"

"కనిపిస్తది. కండ్లతోని ఇచ్చేదుంటె పట్వారీ మేనత్తకిస్తుంటి గద." గొంతు తగ్గించాడు. "నువ్వు ఒక్కదానికి అబద్దం చెప్తివి. ఇగ ఇన్నిదినాలు నువ్వు అరిచినయన్ని నిజమని నేనెట్ల అనుకోవాలె?"

ఆయన నోరు చెడ్డదే కానీ ఆ రోజు న్యాయం ఆయన వైపే ఉంది. దయతో చెప్పినా అబద్ధం అబద్ధమే. దాని వల్ల అవ్వకు చీటీ రాలేదు, నా మాటకున్న విలువ కూడా పోయింది. మీలో కొందరు ఇలాంటి పని చేయాలనుకుంటారు, నాకు తెలుసు. చేయకండి. కాగితంలో తప్పుంటే ఆ తప్పెక్కడుందో వెతకండి.

ఆ వారమే ఒక కుమ్మరి ఇల్లాలు కంటి మందు కోసం వచ్చింది. వాళ్ల మామ అంతకు ముందు మా వరసలో నిలబడ్డాడు. ఆయనా గూనివాడే. ఆయనకూ పట్టీ సరిపోయింది.

"మీ మామ మంచిగున్నడా?" అన్నాను.

"పోయిండక్కా. పదిరోజులాయె. రోగం రొష్టు ఏం లేకుండె. ఉన్న జొన్న గటుక పోరగాళ్లకు పెట్టి తాను మంచినీళ్లు తాగి పండుకునేటోడు." ఆమె నన్ను ఒక్క మాట అనలేదు. కంట్లో మందు వేయించుకుని, కొంగుతో తుడుచుకుని వెళ్లిపోయింది. తిట్టి ఉంటే నాకు తేలికయ్యేది.

ఆయన గూనివాడు, అవ్వ గూనిది. ఇద్దరికీ పట్టీ సరిపోయింది. ఏదో తప్పుందని తెలుస్తోంది కానీ ఎక్కడుందో దొరకడం లేదు. కాంపౌండరుతో అంటే, "ముసలోళ్లు పోతరు పిల్లా. ఎండాకాలం పోతరు, చలికాలం పోతరు," అన్నాడు. అన్నాక టోపీ సర్దుకుని కాగితాల మీదికి తల వంచాడు.

ఆదివారం సెలవు. మా అయ్య అప్పుడు మణికొండలో ఒక ఎండిన బావిని లోతు చేస్తున్నాడు. సద్ది పట్టుకుని వెళ్లాను. అయ్యకు అప్పటికి అరవై దాటాయి. జీవితమంతా గడ్డపార దించి దించి ఆయన నడుమూ వంగిపోయింది. తవ్వకం మానేశాడు కానీ తాడు మాత్రం ఆయనే కొలిచేవాడు. రెండు చేతులూ బార్లా చాపి, ఈ చేతి కొస నుంచి ఆ చేతి కొస దాకా ఒక బార, మళ్లీ ఇంకో బార. బావి లోతు మాత్రం ఎవరూ బారల్లో చెప్పరు. "ఆరు నిలువులు తవ్వినం" అంటారు. ఆరు నిలువుల బావికి ఆరు బారల తాడు, పైన గిలకకు ఒకటి. పుట్టినప్పటినుంచి వింటున్న లెక్క అది. అందుకేనేమో ఎన్నడూ పట్టించుకోలేదు.

ఆ రోజు అయ్య చేతులు చాపి నిలబడితే అలాగే చూస్తుండిపోయాను.

"అయ్యా, నీ నడుము వంగింది గద. నీ బార తగ్గలేదా?"

అయ్య నన్ను పిచ్చిదాన్ని చూసినట్టు చూశాడు. "నడుము వంగితె చేతులెందుకు తగ్గుతయే? పడుసుతనంల నా నిలువెంతనో గిప్పటికి నా బార గంతనే. లేకుంటె గీ పోరగాళ్లు నా తాడు పట్టుకొని దిగుతరా?"

"అందరికి గట్లనే ఉంటదా?"

"రెండేళ్లు ఇటో అటో ఉంటది. దేవుడు తాడు పట్టుకొని కొలిచి చేస్తడా?"

రెండేళ్లు అంటే రెండు వేళ్ల మందం. నేను బావి గట్టు మీదే కూర్చున్నాను. సద్ది విప్పడం కూడా మరిచిపోయాను. ఎముకలు వంగినా, కుంగినా అది వెన్నులోనే. చేతులు పాత మనిషివే. పొడుగు మనిషిని వంచి కొలిచి పొట్టి మనిషి అని రాశాను. పొట్టి మనిషికి చాలే బరువు ఉంది కదా అని పంపేశాను. కర్ర అబద్ధం చెప్పలేదు. మేము దాన్ని అడగాల్సింది వేరు.

వచ్చే శుక్రవారమే గడువు. డాక్టరమ్మ చీటీ ఇవ్వాల్సిన పేర్ల జాబితా పట్నం పట్టుకుపోతుంది, చీటీలు అక్కడినుంచే రావాలి. అది పోయాక మళ్లీ వానలు పడేదాకా కొత్త పేరు ఎక్కదు. అవ్వ అప్పటిదాకా ఉండదు. ఆ సంగతి తెలుసుకోవడానికి నాకు పట్టీ అక్కర్లేదు.

శుక్రవారం పొద్దున తాడు చుట్ట భుజాన వేసుకుని వెళ్లాను. కాంపౌండరుకు చెప్పాను. ఆయన తాడును, నన్ను మార్చి మార్చి చూశాడు.

"మొన్న అబద్దం తెచ్చినవ్, ఇయ్యాల తాడు తెచ్చినవ్. రేపు గడ్డపార తెస్తవా?"

డాక్టరమ్మ రైలు దిగేదాకా ఆగాను. ఆమె కుర్చీలో కూర్చోగానే కాంపౌండరు నాకంటే ముందు నోరు విప్పి ఐదు ఎర్రగీతల సంగతి చెప్పేశాడు. అలా చెప్పడం ఆయన ధర్మం.

"నిజంగా అలా చేశారా అండి?" అంది ఆమె.

"చేసిన."

"ఎందుకు?"

"ఆమెకు కూడు లేదు కాబట్టి."

డాక్టరమ్మ కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టింది. "అబద్ధం చెప్పానని మీరే అంటున్నారు. ఇప్పుడు చెప్పబోయేది నిజమని నేనెలా నమ్మనండీ?"

"నన్ను నమ్మకుండ్రి డాక్టరమ్మా. మీ చేతులు చాపుండ్రి."

ఆయా డాక్టరును చేతులు చాపమనడం ఎవరూ ఎరగరు. ఆమె లేచి నిలబడింది. రెండు చేతులూ చాపింది. ఒక మధ్యవేలి కొస నుంచి రెండో మధ్యవేలి కొస దాకా తాడు పట్టాను, ముడి వేశాను. తర్వాత ఆమెనే గోడకు ఆనించి, తాడును మడమ నుంచి తల మీదికి లాగాను. ముడి ఆమె పాపిటకు వేలెడు కిందికి వచ్చింది.

"కాంపౌండరు గారూ, మీరు రండి," అంది.

"నేనేమన్న చేలల్ల దిష్టిబొమ్మనా మేడమ్, చేతులు చాపనీకి?"

"నేను చాపాను కదండీ."

ఆయన చాపాడు. టోపీ తీయించి కొలిచాం. బార ఆయన పొడుగు కంటే రెండు వేళ్లు ఎక్కువొచ్చింది. వరసలోంచి ఒక ముసలమ్మ, "సాబ్ చేతులు పొడుగే. రోజూ మా గంపల సీతాఫలాలదాంక అందుతయ్," అంది. షెడ్డంతా గొల్లుమంది. ఆయన కూడా ఆపుకోలేక మీసం చాటున నవ్వాడు.

డాక్టరమ్మ మాత్రం నవ్వలేదు. వరసలో నడుము నిటారుగా ఉన్నవాళ్లను ఒక్కొక్కరిని పిలిపించి బార ఒకవైపు, నిలువు ఒకవైపు రాయించింది. ఒకరికి వేలు తక్కువ, ఒకరికి రెండు వేళ్లు ఎక్కువ. జానెడు తేడా ఎవరికీ రాలేదు. ఆ కాగితాన్ని పైనుంచి కిందికి రెండుసార్లు చూసింది.

"చేతుల పొడవు గురించి చదువుకునే రోజుల్లో ఎక్కడో విన్నానండీ. వంగిపోయిన వాళ్లకు వాడుకోవచ్చని తట్టనే లేదు." తర్వాత నా వైపు తిరిగింది. "ఆవిడెక్కడ?"

అవ్వ ఆ రోజు రాలేదు.

"సాయంత్రం రైలుకు జాబితా వెళ్లిపోవాలి. కొలవకుండా నేను రాయనండీ. తీసుకురాగలరా?"

రెండు మైళ్లు పరుగెత్తాను. కొట్టంలో గోనెసంచి మీద ముడుచుకుని పడుకుని ఉంది. పక్కన ఉత్త ముంత. నన్ను చూసి లేవలేదు.

"మల్ల కొలువనీకొచ్చినవా?"

"ఒక్కసారి అవ్వా. ఈసారి వేరే తీరుగ."

"పో. పాడె కట్టేటోళ్లు గుడ మనిషిని ఒక్కసారే కొలుస్తరు. మీరు బతికుండంగనే రెండుమార్లు కొలిచిన్రి."

"కట్టె తప్పు చెప్పింది అవ్వా."

"కట్టెకు నోరున్నదా?" తల కాస్త ఎత్తింది. కళ్లు లోపలికి పోయి ఉన్నాయి కానీ చూపులో పదును తగ్గలేదు. "చెప్పింది నువ్వు. నలుగురు నవ్వంగ చెప్పింది నువ్వు."

నేను పెంకిదాన్ని. మా అత్తకు, అయ్యకు, కాంపౌండరుకు, ఎవరికీ తప్పయిందని నోరు తెరిచి చెప్పినదాన్ని కాదు. ఆ కొట్టంలో పేడ మీద కూర్చుని చెప్పాను.

"నేనే చెప్పిన. తప్పు చెప్పిన. నువ్వు పొడుగుదానివే అవ్వా. నీ మాట ఇనకపోతి."

అవ్వ చెయ్యి చాపి ఉత్త ముంతను పక్కకు నెట్టింది. బయట గేదె తోక విసురుకుంటోంది. చివరికి, "లేపు," అంది.

నడిచే ఓపిక లేదు. వీపు మీద ఎక్కించుకున్నాను. బావి దగ్గర తడిమట్టి తట్టలు మోసిన దాన్ని, బరువు నాకు తెలుసు. మనిషి అంత తేలిగ్గా ఉండకూడదు. దారి పొడుగునా ఆమె గడ్డం నా భుజానికి తగులుతూనే ఉంది. ఒక్కసారి మాత్రం, "మెల్లగ పో, రైలు నాకోసమా?" అంది. అవునన్నాను.

షెడ్డు చేరేసరికి పొద్దు వాలుతోంది. స్టేషన్లో అప్పుడే గంట కొట్టారు. ముందు తూకం వేశాం. అరవై తొమ్మిది. ఆ రోజు కూడా పాత లెక్కన అయితే చీటీ లేదు. బల్ల మీద కూర్చోబెట్టి చేతులు చాపమన్నాను. ఎడమ చెయ్యి చాపింది. కుడిది లేవలేదు. పడినప్పుడు వాచిన భుజం బిగిసిపోయింది. కొంచెం ఎత్తబోతే అబ్బా అంది.

"ఇగ ఎట్ల?" అన్నాడు కాంపౌండరు. ఆ గొంతులో ఎగతాళి లేదు. "బారకు రెండు చేతులు గావాలె గద."

"సగం బార చాలు సాబ్. ఇరుకు బావిల రెండు చేతులు చాపనీకి జాగుండదు. మా అయ్య గొంతు గుంట కాడినుంచి ఒక్క చెయ్యే కొలుస్తడు. దాన్ని రెండు జేసుకుంటడు."

డాక్టరమ్మ తన టేపు తీసింది. అవ్వ గొంతు కింది గుంటలో ఒక కొస తానే పట్టుకుంది. నేను ఆ ఎడమ చేతిని భుజానికి సమంగా నిలిపి పట్టుకున్నాను. మధ్యవేలి కొస దగ్గర ముప్ఫై అంగుళాలన్నర. కాంపౌండరు కాగితం మీద రెండింతలు చేశాడు. అరవై ఒకటి. ఐదడుగుల ఒక అంగుళం.

నేను అబద్ధంగా అరిచింది ఐదు ఎర్రగీతలు. నిజం దానికి పైనే ఉంది.

ఆయన గోడ దగ్గరికి వెళ్లి పట్టీలో ఆ గీత మీద వేలు పెట్టాడు. "తొంబై నాలుగుకు తక్కువుంటె చీటీ. గీమెది అరువై తొమ్మిది." వేలు ఇంకా కిందికి జరిపాడు. "మేడమ్, పట్టీల గింత కిందికి అంకెనే లేదు."

డాక్టరమ్మ జాబితా చివర తానే రాసింది. పొడుగు ఎలా తీసిందీ పక్కన రెండు వాక్యాలు రాసి సంతకం పెట్టింది. పైవాళ్లు ఒప్పుకోకపోతేనో అని కాంపౌండరు నసిగాడు. "అడిగితే నేను చెప్పుకుంటానండీ," అంటూ సంచీ భుజాన వేసుకుంది. గుమ్మం దాటి మళ్లీ వెనక్కి వచ్చింది. "చీటీ వచ్చేదాకా ఆగక్కర్లేదు. ఇప్పుడే ఒక గ్లాసు కలిపివ్వండి. కొంచెం కొంచెంగా తాగించండి, ఒక్కసారే తాగితే ఒంటికి పట్టదు." ఆ తర్వాత చీర కుచ్చెళ్లు పైకి పట్టుకుని డాక్టరు పరుగెత్తడం నేను అప్పుడే చూశాను. రైలు అందింది.

అవ్వ మొదటి గుక్క తాగి ముఖం చిట్లించింది. "సున్నపు నీళ్ల తీరుగున్నయ్." ఒక్క చుక్క మిగల్చలేదు.

ఆ వారమంతా తాడు పట్టుకుని ఊళ్లు తిరిగాను. బోరబండ గుట్టల దాకా వెళ్లాను. అంతకుముందు పట్టీ సరిపోయిందని పంపేసిన గూనివాళ్లు ఎక్కడెక్కడున్నారో వెతికి, గడపల ముందే కూర్చోబెట్టి బార కొలిచాను. గడువు దాటినా ఆ పేర్లను డాక్టరమ్మ తన పూచీ మీద విడిగా రాసి పంపింది. చేతులు కూడా వంకరపోయిన వాళ్లు ఉన్నారు, వాళ్లకు ఆ లెక్కా కుదరలేదు. వాళ్లను డాక్టరమ్మ తర్వాత తానే చూసింది. ఇప్పుడు మోకాలి నుంచి మడమ దాకా కొలిచి మనిషి పొడుగు చెప్పే పనిముట్లు వచ్చాయని మీరంటారు. సంతోషం. కానీ పనిముట్టు చేతికొచ్చాక ముసలివాళ్ల మాట వినడం మానకండి. నేను పొడుగుదాన్నే అని ఆమె మొదటి రోజే చెప్పింది. ఆ ఒక్క మాట వినుంటే కుమ్మరాయన కూడా మిగిలేవాడేమో. ఏమో అంటున్నాను కానీ, రాత్రిళ్లు ఆ ఏమో ఉండదు, మిగిలేవాడనే అనిపిస్తుంది.

మరుసటి శుక్రవారం డాక్టరమ్మ చీటీల కట్టతో దిగింది. పైవాళ్లు ప్రశ్నలు రాసి పంపారు కానీ అవ్వ పేరు కొట్టేయలేదు. అవ్వను ఎవరో ఎడ్లబండి మీద ఎక్కించి తెచ్చారు. చీటీ ఆమె చేతిలో నేనే పెట్టాను. అటూ ఇటూ తిప్పి చూసుకుంది.

"ఏం రాసిన్రు?"

"నీ పేరు, ఊరు, నీ నిలువు."

"నా నిలువు రాసిన్రా?" బల్ల అంచున కూర్చుని చీటీ ఒళ్లో పెట్టుకుంది. "ఎరుకనా పిల్లా, లగ్గంల నేను పిలగానికంటె బెత్తెడు పొడుగుంటి. నలుగురు నవ్వుతరని మా అత్త ఎనుకనుంచి మెడ మీద చెయ్యి పెట్టి వంగు వంగు అన్నది. తలువాలు పోసేదాంక వంగే ఉన్న. ఆయన బతికినన్ని దినాలు పక్కన నడిస్తె వంగే నడిచిన. మొన్న నువ్వు అనేదాంక, పొడుగుదానివని నాతోని ఒక్కలన్న అనలేదు." చీటీ నా ముందుకు చాపింది. "జర చదువు బిడ్డా. ఏడ రాసిన్రు?"

అక్కడ చుట్టూ జనం ఉన్నారు. నాకు చదవడం రాదని ఆమెకు తెలియదు. ఆమె దృష్టిలో దవాఖానలో పనిచేసేవాళ్లందరికీ చదువొచ్చు. రాదని చెప్పడానికి నోరు రాలేదు. అంకె నాకు తెలుసు, అది కాగితంలో ఎక్కడుందో తెలియదు. ఊహకొద్దీ ఒక గీత మీద వేలు పెట్టాను.

కాంపౌండరు నా వెనకే నిలబడి ఉన్నాడు. ఏదో ఒకటి అంటాడనుకున్నాను. ఆయన నా వేలు పట్టుకుని రెండు గీతలు కిందికి జరిపి, చెయ్యి తీసేశాడు.

"ఐదడుగుల ఒక అంగుళం," అని చదివాను.

"మల్లొకసారి చదువు," అంది అవ్వ.

ఈసారి గట్టిగా, షెడ్డంతా వినేట్టు చదివాను.